చివరి బెంచీ నుంచి: ఒక చిన్న కాలేజీలో నీతి–వ్యాపార కోర్సుపై సమీక్ష

వ్యాపారం ఎలా మొదలుపెట్టాలో నేర్పే కోర్సులు చాలా ఉన్నాయి, వ్యాపారంలో ధర్మాధర్మాల గురించి చెప్పే కోర్సులూ ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే గదిలో, ఒకే సెమిస్టర్‌లో, ఒకరి మాట ఒకరు సులువుగా ఒప్పుకోని ఇద్దరు అధ్యాపకుల చేత చెప్పించే కోర్సును మాత్రం నేను ఇదొక్కటే చూశాను. నేను అదే కాలేజీలో అకౌంటింగ్ చెబుతాను కనుక ఇది పూర్తిగా బయటివాడి సమీక్ష కాదని ముందే మనవి చేస్తున్నాను. ఆ ఇద్దరి అనుమతితో పదిహేను వారాలూ చివరి బెంచీలో కూర్చున్నాను, చదవమన్నవన్నీ చదివాను, అడిగితేనే మాట్లాడాను, వ్యాసాలు మాత్రం రాయలేదు.

కోర్సు స్వరూపం ఇది. వారానికి రెండు తరగతులు, ఒక్కొక్కటి గంటన్నర. ఒకరు తత్వశాస్త్రం చెప్పే మేడమ్, మరొకరు మేనేజ్‌మెంట్ విభాగానికి చెందిన, లోగడ సొంతంగా ఒక చిన్న వ్యాపారం పెట్టి, కొన్నేళ్ళు నడిపి, మూసేసిన సర్. విద్యార్థులు ముప్పై మంది లోపే. ముగ్గురు లేక నలుగురు కలిసి ఒక బృందంగా ఏర్పడి, సెమిస్టర్ పొడవునా ఒక వ్యాపార ఆలోచనను పెంచుకుంటూ పోతారు. దానితో సమాంతరంగా కేసులు, పాఠ్యభాగాలు, చర్చలు నడుస్తాయి. చివర్లో బయటి నుంచి వచ్చిన న్యాయనిర్ణేతల ముందు తమ ఆలోచనను వినిపిస్తారు. మార్కుల్లో సగం ఈ వ్యాపార ప్రాజెక్టుకు, పావు వంతు వ్యాసాలకు, మిగతాది చర్చలో పాల్గొన్నందుకు.

ఈ జోడింపు కొత్త ప్రయోగమేమీ కాదని, అసలు విడదీయడమే ఈ మధ్యకాలపు పని అని మేడమ్ మొదటి రోజే చెప్పారు. ఆర్థికశాస్త్రానికి ఆద్యుడని మనం చెప్పుకునే ఆడం స్మిత్ గ్లాస్గోలో నైతిక తత్వశాస్త్రం బోధించిన ఆచార్యుడు. మానవుల నైతిక భావాల మీద ఆయన గ్రంథం 1759లో వస్తే, దేశాల సంపద మీద రాసినది 1776లో వచ్చింది. దీనికి సర్ ఒక చురక జోడించారు: నీతి గురించిన పాఠానికి రెండువేల ఏళ్ళు దాటినా, కొత్త వ్యాపారాలు పెట్టడం ఎలాగన్నది హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో కోర్సుగా మారింది 1947లోనే, కాబట్టి తన సబ్జెక్టు ఇంకా పసిది, తప్పటడుగులు వేస్తే క్షమించాలి అని. ఆయన నవ్వుతూ అన్న ఆ మాట పద్నాలుగో వారంలో నాకు మళ్ళీ గుర్తొచ్చింది. ఎందుకో ముందు ముందు చెబుతాను.

మొదటి రెండు వారాల్లో చెప్పిన రెండు పాత కథలే సెమిస్టర్ మొత్తానికీ పునాది. ఒకటి అరిస్టాటిల్ చెప్పిన, థేలీస్ అనే గ్రీకు తత్వవేత్త కథ. పేదరికాన్ని వేలెత్తి చూపి, నీ తత్వం ఎందుకూ కొరగాదని జనం ఎగతాళి చేస్తే, వచ్చే పంటకు ఆలివ్ విరగకాస్తుందని నక్షత్ర విద్యతో చలికాలంలోనే అంచనా కట్టి, మిలెటస్, కియోస్‌లలో ఉన్న నూనె గానుగలన్నింటికీ చేతిలో ఉన్న కాస్త సొమ్ముతో బయానా ఇచ్చి, పంట చేతికొచ్చే వేళకు తాను చెప్పిన రేటుకు వాటిని అద్దెకిచ్చాడట. ముందుచూపు, తక్కువ పెట్టుబడి, పోటీ లేని సమయంలో అడుగు వేయడం, వ్యాపార దక్షత అంటే ఇదేనని సర్ అన్నారు. పంట చేతికొచ్చిన రోజున గానుగ కోసం వచ్చిన రైతు ముఖం ఈ కథలో ఎందుకు కనిపించదని మేడమ్ అడిగారు. అంతదాకా మాట్లాడని ఒక అమ్మాయి, "వాన వస్తుందని తెలిసి ఒక గొడుగు కొనుక్కోవడం తెలివి మేడమ్, ఊళ్ళో ఉన్న గొడుగులన్నీ కొనేయడం మాత్రం తెలివి ఒక్కటే కాదు," అంది. ముందుచూపుకూ గుత్తాధిపత్యానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న చర్చ అక్కడి నుంచి గంటసేపు సాగింది; పాఠ్యపుస్తకం ఏదీ అంత సూటిగా ఆ ప్రశ్న వేయడం నేను చూడలేదు.

రెండోది, రోమన్ రచయిత సిసెరో క్రీస్తు పూర్వం 44లో, ఏథెన్సులో చదువుకుంటున్న తన కొడుకుకు రాసిన గ్రంథంలోని ధాన్యం వర్తకుడి కథ. రోడ్స్ దీవిలో కరవు. ధరలు ఆకాశాన్ని అంటుతున్నాయి. అలెగ్జాండ్రియా నుంచి ఓడ నిండా ధాన్యంతో మంచివాడైన ఒక వర్తకుడు వచ్చాడు. తన వెనకే మరికొన్ని ధాన్యపు ఓడలు బయలుదేరాయని అతనికి తెలుసు, కొనేవాళ్ళకు తెలియదు. చెప్పాలా, చెప్పకుండా అమ్ముకోవాలా? సరుకులో లోపముంటే చెప్పి తీరాలి గానీ, తెలిసినదంతా చెప్పాల్సిన పని లేదని, చెప్పకపోవడం వేరు, దాచడం వేరని డయోజనీస్ అనే గురువు వాదిస్తే, ఆయన శిష్యుడు ఆంటిపేటర్ కాదు, మనుషులకు మేలు చేసే సంగతిని లాభం కోసం కప్పిపుచ్చకూడదని ఎదురు వాదించాడు. గురుశిష్యులే రెండు వైపులా నిలబడ్డ ఈ వివాదం తరగతికి సరిగ్గా అతికింది, ఎందుకంటే అక్కడి అధ్యాపకులిద్దరూ కూడా చెరో వైపు నిలబడ్డారు. సిసెరో ఎటు మొగ్గాడో (ఆయన ఆంటిపేటర్ పక్షం) వారం చివరిదాకా చెప్పలేదు, అది మంచి పని. ఆ వారంలోనే సర్ అదే ప్రశ్నను నేటి భాషలోకి మార్చారు: మీరు అమ్ముతున్న సాఫ్ట్‌వేర్‌కు బదులుగా వచ్చే నెలలో మీ కంపెనీయే ఉచితంగా మరొకటి ఇవ్వబోతోంది, ఈ రోజు ఏడాదికి డబ్బు కట్టడానికి వచ్చిన ఖాతాదారుకు చెబుతారా? ధాన్యం వర్తకుడు చెప్పి తీరాలని ఓటు వేసినవాళ్ళలో సగం మంది ఇక్కడ జంకారు. దూరదేశపు వర్తకుడికి సులువుగా చెప్పిన ధర్మం తమ దగ్గరికి వచ్చేసరికి బరువెక్కడాన్ని వాళ్ళు స్వయంగా గమనించారు.

ఇక్కడ నాదొక చిన్న ఫిర్యాదు. పాఠ్యభాగాల్లో గ్రీకులు, రోమన్లు ఉన్నారు, మన తులాధారుడు లేడు. శాంతిపర్వంలో, తల మీద పిట్టలు గూడు కట్టేంతగా కదలకుండా తపస్సు చేసి గర్వించిన జాజలి అనే ముని, ధర్మం తెలుసుకోవడానికి వారణాసిలో సరుకులమ్ముకునే తులాధారుడనే వర్తకుడి దగ్గరికి వెళ్ళాల్సి వస్తుంది. ఆ వర్తకుడు తన తక్కెడ అందరికీ సమంగా తూగుతుందన్న ఒక్క మాట మీద మొత్తం ధర్మాన్ని నిలబెడతాడు. వ్యాపారం చేస్తూ ధర్మంగా ఉండగలమా అని సందేహించే తరగతికి, వ్యాపారే గురువైన కథకన్నా మంచి ప్రవేశిక ఏముంటుంది? ఆరో వారంలో ఒక విద్యార్థి ఆ కథను తనంతట తానే ఎత్తుకున్నాడు. మేడమ్ వెంటనే అందిపుచ్చుకుని, తమ దుకాణంలో చిన్నపిల్లవాడు వచ్చినా పెద్దవాళ్ళతో సమానమైన ధరకే అమ్మే వర్తకుడి గురించి జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో వేసిన ప్రశ్నతో ముడిపెట్టారు: అతను నిజాయితీగా ఉన్నది ధర్మమనుకునా, గిరాకీ పోతుందని భయపడా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అప్పటికప్పుడు కుదిరిన ఆ ముడి, ప్రణాళికలో రాసుకున్న చాలా పాఠాలకన్నా బాగా పండింది.

ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970 నాటి వ్యాసాన్ని ముక్కగా కాకుండా మొత్తం చదివించడం ఈ కోర్సులో నాకు నచ్చిన మరో అంశం. వ్యాపారానికి ఉన్న సామాజిక బాధ్యత లాభం పెంచడమేనన్న శీర్షిక ఒక్కటే చాలామందికి తెలుసు. ఆ లాభార్జన సమాజపు కట్టుబాట్లకు, చట్టంలో ఉన్నవాటికీ నైతికాచారంలో ఉన్నవాటికీ, లోబడి ఉండాలన్న షరతు ఆ వ్యాసంలోనే ఉందని చాలామందికి తెలియదు. ఆ షరతులో ఎంత ఇమిడి ఉందన్న దాని మీద ఒక గంట గడిచింది. సంస్థతో సంబంధమున్న వారందరి ప్రయోజనాలనూ లెక్కలోకి తీసుకోవాలనే వాదాన్ని మాత్రం ఒక్క తరగతిలో హడావిడిగా ముగించారు; దాని మీద విద్యార్థులకు ఏం గుర్తుందో నాకు అనుమానమే.

అయిదో వారంలోని, 1970ల నాటి అమెరికన్ కారు ఫోర్డ్ పింటో కేసు దగ్గర ఈ కోర్సు తడబడింది, ఆ తర్వాత నిలదొక్కుకుంది. మొదట చెప్పిన కథ అందరూ చెప్పుకునేదే: వెనక నుంచి గుద్దితే పెట్రోలు ట్యాంకు అంటుకునే లోపం తెలిసి కూడా, కారుకు 11 డాలర్లు ఖర్చు పెట్టి బాగుచేయడం కన్నా చనిపోయినవారికి పరిహారం ఇవ్వడమే చవక అని కంపెనీ లెక్క వేసుకుందని. లెక్కలు నా వృత్తి కనుక ఆ పత్రం సంగతి నాకు కొంత తెలుసు. 1973 నాటి ఆ లెక్క ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థకు సమర్పించినది. ఒక్క పింటో గురించి కాదు, 1 కోటీ 25 లక్షల కార్లనూ తేలికపాటి ట్రక్కులనూ కలిపి వేసినది. వెనక నుంచి గుద్దినప్పుడు కాదు, బండి పల్టీ కొట్టినప్పుడు ఇంధనం కారడం గురించినది. ఒక ప్రాణానికి 2 లక్షల డాలర్లన్న విలువ కూడా ఆ ప్రభుత్వ సంస్థ అంకెల నుంచి తీసుకున్నదే. వాటన్నింటినీ బాగుచేస్తే అటువైపు 13 కోట్ల 70 లక్షల డాలర్ల ఖర్చు, ఇటువైపు 4 కోట్ల 95 లక్షల డాలర్ల ప్రయోజనం. ఇందువల్ల ఫోర్డ్ కడిగిన ముత్యమైపోదు. ట్యాంకు అమరిక మీద వచ్చిన ఆరోపణలు వేరే ఉన్నాయి, 1978లో దాదాపు 15 లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. కానీ నీతి గురించిన తరగతిలో నిజం ఇలా నునుపుదేలడం ఏం బాగుంటుంది?

తరగతి అయ్యాక ఈ సంగతి సర్‌తో చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు, మరుసటి తరగతిలో ఆ లెక్క మొత్తం బోర్డు మీద వేసి, ‘గత తరగతిలో నేను చెప్పినది సగమే నిజం’ అని మొదలుపెట్టారు. చర్చ అప్పుడే కష్టమైంది, అప్పుడే లోతుకు వెళ్ళింది. దుర్మార్గపు కంపెనీని తిట్టడం పోయి, ప్రాణానికి ధర కట్టడం ప్రభుత్వాలు రోజూ చేసే పనే అయినప్పుడు తప్పు ఎక్కడుంది అన్న ప్రశ్న మిగిలింది. దానికి తోడు, ఆ రోజుల్లో ఫోర్డ్‌లోనే కార్లను వెనక్కి పిలిచే వ్యవహారాలు చూసి, తర్వాత మేనేజ్‌మెంట్ ఆచార్యుడైన డెనిస్ జోయా 1992లో రాసిన వ్యాసాన్ని చదివించారు. తన ముందుకు వచ్చిన సమాచారంలో నైతిక సమస్య ఉందన్న సంగతే అప్పట్లో తనకు తట్టలేదని ఆయన ఒప్పుకుంటాడు. కళ్ళ ముందున్నది కనిపించకపోవడమే అసలు ప్రమాదమని, తెలిసి తప్పు చేసేవాడి కన్నా, తప్పు కనిపించనివాడే తమకు దగ్గరివాడని విద్యార్థులకు ఆ వ్యాసం నుంచి అర్థమైంది. కోర్సు మొత్తంలో ఒక్క పాఠాన్ని ఎంచుకోమంటే నేను ఎంచుకునేది అదే.

రక్తపరీక్షల కంపెనీ థెరనోస్ మోసం కేసును ఎవరి వైపు నుంచి చెప్పారన్నది మెచ్చుకోదగ్గది. 2003లో 19 ఏళ్ళ వయసులో ఎలిజబెత్ హోమ్స్ ఆ కంపెనీ పెట్టడం, కొద్ది చుక్కల రక్తంతో ఎన్నో పరీక్షలు చేస్తామన్న మాట మీద దాని విలువను 900 కోట్ల డాలర్లకు లెక్కగట్టడం, 2015లో పత్రికా కథనాలతో బండారం బయటపడడం, 2022లో ఆమెకు పదకొండేళ్ళు దాటిన శిక్ష పడడం అందరికీ తెలిసినవే. అధ్యాపకులు హోమ్స్ కుర్చీలో కాకుండా, కాలేజీ నుంచి అప్పుడే వచ్చి అక్కడ ఉద్యోగంలో చేరి, పరీక్షల ఫలితాల్లో తేడా గమనించిన ఎరికా చుంగ్, టైలర్ షుల్ట్జ్‌ల కుర్చీలో విద్యార్థులను కూర్చోబెట్టారు. వీళ్ళలో ఎక్కువమంది రేపు వ్యవస్థాపకులు కారు, ఎవరో పెట్టిన కొత్త కంపెనీలో మొదటి పది మంది ఉద్యోగుల్లో ఒకరవుతారు. ఏది సరైనదో మీకు తెలుసుననుకుందాం, ఎవరితో, ఏ మాటలతో, ఏ ఆధారం చూపించి చెబుతారు, ఎదుటివారు ఏమంటారు, దానికి మీ జవాబు ఏమిటి అని సాధన చేయించారు. మేరీ జెంటిల్ రూపొందించిన బోధనా పద్ధతి ఇది. ధర్మం ఏదో తేల్చడం దగ్గర ఆగిపోకుండా దాన్ని నోరు తెరిచి చెప్పడాన్ని ఒక నైపుణ్యంగా చూస్తుంది. ఒక అబ్బాయి పై అధికారిగా నటిస్తూ, "అందరూ మొదట్లో ఇలాగే చేస్తారు," అన్నప్పుడు, ఎదురుగా కూర్చున్న అమ్మాయికి మాట పెగల్లేదు. అలా మాట పెగలకపోవడం తరగతిలోనే ఒకసారి అనుభవంలోకి రావడం మంచిదే.

సత్యం కంప్యూటర్స్ కేసుకు పరిచయం అక్కరలేకపోయింది. 2009 జనవరి 7 నాటి లేఖలో, అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట చిన్నదిగా ఉన్న తేడా ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగిపోయిందని, అది పులి మీద స్వారీ అయిందని రామలింగరాజు రాసిన భాగాన్ని ఒక్కటే చదివి, ఆ తేడా అతి చిన్నదిగా ఉన్న మొదటి త్రైమాసికంలో మీరు అక్కౌంట్స్ విభాగంలో ఉంటే ఏం జరిగి ఉండేదని అడిగారు. అరగంటలో ముగిసిన ఈ చర్చకు ఇంకొంచెం సమయం ఇవ్వాల్సింది.

చిన్న తేడాల గురించి చెప్పడానికి ఎంచుకున్న మరో ఉదాహరణ, జనం లింకులు పెట్టి చర్చించుకునే రెడిట్ సైటు. 2005లో ఆ సైటు పెట్టిన కొత్తలో, ఖాళీగా కనిపించకూడదని వ్యవస్థాపకులే రకరకాల మారుపేర్లతో లింకులు పెడుతూ సందడి సృష్టించారని వాళ్ళే తర్వాత బాహాటంగా చెప్పుకున్నారు. ఎవరి డబ్బూ పోలేదు, వచ్చినవాళ్ళకు నచ్చింది, సైటు నిలబడింది. ఇది అబద్ధమా, దుకాణం ముందు దీపాలు వెలిగించడమా? చర్చ చాలా సరదాగా సాగింది, నేను కూడా నవ్వాను. అధ్యాపకులిద్దరూ అలవాటు ప్రకారం చెరో వైపు వాదించి, తీర్పు చెప్పకుండా గంట కొట్టగానే లేచిపోయారు. తీర్పు విద్యార్థులకే వదిలేయడం ఈ కోర్సు విధానం. చాలాసార్లు అది మంచి విధానమే.

పద్నాలుగో వారం వచ్చింది. బృందాలు తమ వ్యాపార ఆలోచనలను వినిపించే రోజు. ఎంతమంది ముందుగా పేరు నమోదు చేసుకున్నారన్న అంకెకు మార్కుల పట్టికలో చెప్పుకోదగ్గ వాటా ఉంది. గిరాకీ ఉందని నోటితో కాదు, ఆధారంతో చూపించాలని సర్ పెట్టిన నియమం అది, ఉద్దేశం మంచిదే. ఒక బృందం మిగతా అందరికన్నా ఎన్నో రెట్లు పెద్ద అంకె చూపించి, న్యాయనిర్ణేతల మెప్పు పొందింది. రెండు రోజుల తర్వాత తేలిందేమిటంటే, ఆ పేర్లలో ఎక్కువ భాగం ‘ఒకసారి ఫారం నింపి పెట్టు’ అని అడిగించుకున్న హాస్టల్ స్నేహితులవి, బంధువులవి, కొన్నయితే ఒకే మనిషి రెండు మూడు ఈమెయిళ్ళతో నింపినవి. పిలిచి అడిగితే వాళ్ళు ఏమాత్రం తడుముకోకుండా, "రెడిట్ వాళ్ళు చేసిందీ ఇదే కదా సర్, మనం తరగతిలో మాట్లాడుకున్నాం," అన్నారు.

ఆ మాట విన్నప్పుడు, తన సబ్జెక్టు పసిది, తప్పటడుగులు క్షమించాలని సర్ మొదటి రోజు అన్న మాట గుర్తొచ్చింది; ఈ కోర్సును నేను చూసే తీరు కూడా అప్పటి నుంచే మారింది. చర్చ మనిషికి చూపునిస్తుందన్నది నిజమే గానీ, చేయాలనుకున్న పనికి సాకు కూడా ఇస్తుంది. రెండు వైపులా సమానంగా వాదించి వదిలేసిన ప్రతి కేసూ, అవసరం వచ్చిన రోజున తీసి వాడుకోవడానికి చేతికందే వాదనగా మిగిలిపోతుంది. రెడిట్ ఉదాహరణలో మార్కులు లేవు, న్యాయనిర్ణేతలు లేరు, పక్క బృందానికి నష్టం లేదు. ఈ తేడాలను ఎవరో ఒకరు ఆ రోజే పేరు పెట్టి చెప్పి ఉంటే ఆ సాకు అంత తేలిగ్గా నోటికి వచ్చేది కాదు. తీర్పు చెప్పకపోవడం వేరు, తేడాలు చూపించకపోవడం వేరు.

ఇందులో ఇంకో వింత ఉంది. ఆరో వారంలో ఇదే తరగతి ఆర్థికవేత్త విలియం బామోల్ 1990 వ్యాసాన్ని చదివింది. చొరవ గల మనుషులు ప్రతి కాలంలోనూ, ప్రతి సమాజంలోనూ ఉంటారని, వాళ్ళ శక్తి ఉత్పత్తి వైపు పోతుందా, నిరుపయోగమైన పనుల వైపు పోతుందా, విధ్వంసం వైపు పోతుందా అన్నది అక్కడి ఆట నియమాలు దేనికి బహుమతి ఇస్తాయన్న దాని మీద ఆధారపడుతుందని ఆ వ్యాస సారాంశం. అంకెకు మార్కులిచ్చి, ఆ అంకె ఎలా వచ్చిందో అడగని పట్టిక ఏం పుట్టిస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? పాఠం పుస్తకంలో ఉంది, నియమం గోడ మీద ఉంది, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు. చివరి బెంచీలో కూర్చున్న నాకూ తట్టలేదు. జోయా వ్యాసాన్ని అంతగా మెచ్చుకున్న నాకు ఇది కొంచెం సిగ్గుగానే ఉంది.

దీన్ని పరిష్కరించిన తీరు దగ్గర నాకు అధ్యాపకులతో పేచీ ఉంది. ఆ బృందాన్ని విడిగా పిలిచి, మార్కులు తగ్గించి, సంగతి అక్కడితో ముగించారు. చివరి వారం తరగతిలో ఆ ప్రస్తావనే రాలేదు. దూరదేశాల కంపెనీల తప్పులను పద్నాలుగు వారాలు విప్పి చూసిన తరగతి, తన కళ్ళ ముందు జరిగినదాని దగ్గరికి వచ్చేసరికి తలుపు వేసుకుంది. అలా ఎందుకు చేశారో నాకు తెలియనిది కాదు. చిన్న కాలేజీ అంటే అందరూ అందరికీ తెలిసిన చోటు. పొద్దున తరగతిలో తప్పుపట్టినవాడి పక్కనే సాయంత్రం కూర్చోవాలి, వచ్చే ఏడాది అదే గదిలో మరో కోర్సు చదవాలి. నిందకు గురైన ముగ్గురు పిల్లల పేర్లు వారం తిరక్కుండా కాలేజీ అంతా పాకుతాయి. వాళ్ళను కాపాడాలన్న మేడమ్ ఆలోచనను నేను గౌరవిస్తాను. కానీ పేర్లు లేకుండా, నియమం వైపు నుంచి, ‘ఈ పట్టిక మేమే తయారుచేశాం, దీనిలో లోపం ఇది’ అని అధ్యాపకులు తమ తప్పుతో మొదలుపెట్టి ఉండవచ్చు. పింటో విషయంలో సర్ సరిగ్గా అదే చేశారు కదా. అప్పుడు చేయగలిగినవారు ఇప్పుడు చేయలేకపోవడానికి కారణం, పింటో దూరంగా ఉండడం.

చిన్న కాలేజీ వల్ల లాభం లేదని దీని అర్థం కాదు. వందల మంది కూర్చునే హాలులో ఆ గొడుగుల మాట అన్న అమ్మాయి నోరు తెరిచేది కాదు. మూడో వారంలో తన అభిప్రాయం చెప్పినవాడు పదో వారంలో దాన్ని మార్చుకుంటే, అది మారిందని తరగతి మొత్తానికీ గుర్తుంటుంది. ‘అప్పుడు అలా అన్నావు కదా’ అని అడిగేవాళ్ళుంటారు. నిలకడ గురించి ఏ వ్యాసం నేర్పలేనిది ఆ ఒక్క ప్రశ్న నేర్పుతుంది.

మూల్యాంకనం సంగతికి వస్తే, వ్యాసాలు నన్ను నిరాశపరిచాయి. అధ్యాపకులు అనుమతిస్తే కొన్ని చదివాను. దాదాపు అన్నింటిలోనూ చివరి పేరా ఒకటే: వ్యాపారంలో విలువలు పాటించాలి, దీర్ఘకాలంలో నిజాయితీయే లాభం. చర్చలో అంత పదునుగా మాట్లాడినవాళ్ళు కాగితం మీద ఎందుకింత మొద్దుబారారంటే, ఇచ్చేవి మార్కులు కాబట్టి. తాను తప్పు చేస్తానేమోనన్న నిజమైన సందేహాన్ని మార్కుల కోసం రాసే కాగితం మీద ఎవరు పెడతారు? కాంట్ దుకాణదారుడి ప్రశ్న ఇక్కడ వాళ్ళకే వర్తిస్తుంది. వ్యాసాలకు బదులు, వారం వారం తమ బృందంలో తీసుకున్న నిర్ణయాలను తేదీలతో రాసుకునే పుస్తకం పెడితే, ఏ అంకె ఎందుకు చూపించారో, ఎవరికి ఏ మాట ఇచ్చారో, ఏది చెప్పకుండా వదిలేశారో అందులో తెలుస్తుంది. పద్దు రాయడం అలవాటైన మా శాఖవాళ్ళకు సహజంగా తోచే సలహా ఇది, అంతకుమించి నేను దీని మీద పట్టుబట్టను.

వ్యాపార పాఠాల పక్షం కొంచెం పలచగా ఉంది. ఎంత సంపాదించగలమన్న దానితో కాకుండా ఎంత పోయినా తట్టుకోగలమన్న దానితో మొదలుపెట్టాలని సరస్ సరస్వతి 2001లో ప్రతిపాదించిన ఆలోచనా విధానాన్ని బాగా చెప్పారు. దానితో నీతిని ముడిపెట్టే అవకాశం మాత్రం వదులుకున్నారు, ఎందుకంటే పోగొట్టుకునేది మన డబ్బేనా, అప్పిచ్చినవాళ్ళదీ జీతం రావాల్సినవాళ్ళదీ కూడానా అన్నది సరిగ్గా అక్కడ అడగాల్సిన ప్రశ్న. వ్యాపారం మూసేయడం గురించి ఒక్క తరగతి కూడా లేదు. కొత్త వ్యాపారాల్లో చాలావరకు ఎప్పుడో ఒకప్పుడు మూతపడేవే. మూసే రోజున ఎవరికి ముందు చెప్పాలి, చేతిలో మిగిలిన సొమ్ము సరుకు ఇచ్చినవారికా, ఉద్యోగులకా, డబ్బు కట్టి ఇంకా సేవ అందని ఖాతాదారులకా, ఎన్ని రోజుల ముందు తెలిసి కూడా ఆర్డర్లు తీసుకోవడం తప్పు అవుతుంది అన్నవి ఒక పాఠానికి కాదు, ఒక వారానికి సరిపడే ప్రశ్నలు. తన వ్యాపారాన్ని తానే మూసిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఆ ప్రశ్నలు రాకపోవడం వింత. ఒకసారి టీ తాగుతూ అడిగితే, "అది ఇంకా చెప్పేంత దూరం జరగలేదండీ," అన్నారాయన. నేను రెట్టించలేదు.

ఎవరు చేరాలి? సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకుంటూ, తమ ఆలోచన గురించి తప్ప మరేదీ వినే ఓపిక లేనివారికి ఇది విసుగు పుట్టిస్తుంది. వారానికి చదవాల్సినదే నలభై యాభై పేజీలుంటుంది, సర్ చెప్పే మెళకువలు అందులో పావు వంతే. ఉద్యోగంలో చేరబోయేవారికి, ముఖ్యంగా చిన్న కంపెనీల్లోకి వెళ్ళేవారికి, థెరనోస్ వారం ఒక్కటి చాలు, చేరినందుకు గిట్టుబాటు. చర్చలో మాట్లాడడానికి బిడియపడేవారు మార్కుల్లో నష్టపోతారు, మాట్లాడక తప్పని చోటు కాబట్టి మరోలా లాభపడతారు. ఇలాంటి కోర్సు పెట్టాలనుకునే ఇతర కాలేజీల వారికి నా సలహా ఒకటే: ఇద్దరు అధ్యాపకులు లేకుండా ఈ పని తలపెట్టవద్దు. ఒకే మనిషి రెండు పక్షాలూ వాదిస్తే విద్యార్థులు ఆ మనిషి అసలు పక్షం ఏదో పసిగట్టి అదే రాస్తారు. ఒక చిన్న కాలేజీ ఒకే గంటకు ఇద్దరిని కేటాయించడం ఎంత కష్టమో టైమ్‌టేబుల్ వేసేవాడిగా నాకు తెలుసు, అయినా ఇదే చెబుతాను.

అయిదుకు ఎన్ని ఇస్తావంటే మూడున్నర ఇస్తాను. పాత కథలకు, పింటో దిద్దుబాటుకు ఒక్కొక్క మార్కు, ఇద్దరి వాదనకు ఒకటి, మిగతా కోర్సుకు సగం. వచ్చే సెమిస్టర్ పట్టిక నిన్న నా బల్ల మీదికి వచ్చింది. ముందస్తు నమోదుల గడి అలాగే ఉంది, దాని మార్కులు సగానికి తగ్గాయి. పక్కనే ‘ఈ అంకె ఎలా వచ్చిందో నాలుగు వాక్యాల్లో రాయండి’ అని సర్ చేతిరాతతో కొత్త గడి చేరింది. దాని కింద పెన్సిల్‌తో మేడమ్ ప్రశ్న ఒకటి ఉంది: ‘ఈ నాలుగు వాక్యాలకు మార్కులుంటాయా?’ సర్ ఇంకా జవాబు రాయలేదు.